అరచేతిలోకి వచ్చిన డెస్క్‌టాప్ – ఏడో భాగం: ఐపాక్ నుంచి నోకియా 770 దాకా, ఆ తర్వాత

1990లలో రాసిన ప్రతి డెస్క్‌టాప్ ప్రోగ్రాంలోనూ ఎవరూ కాగితం మీద పెట్టని కొన్ని నమ్మకాలు దాగి ఉండేవి. తెర పెద్దగానే ఉంటుంది. మౌస్‌కు కనీసం రెండు మీటలుంటాయి. చేతికింద పూర్తి కీబోర్డు ఉంటుంది. హార్డ్ డిస్క్ ఎన్నిసార్లు రాసినా అరగదు. కరెంటు గోడలోంచి వస్తూనే ఉంటుంది. ఇవన్నీ ఒకచోట రాసి ఉంటే మార్చడం తేలికే. కానీ అవి లక్షల వరుసల కోడ్‌లో, ఒక్కోచోట ఒక్కో అంకె రూపంలో, ఒక్కోచోట ఒక్కో అలవాటు రూపంలో చెల్లాచెదురుగా ఉండేవి. సోర్స్ కోడ్ తెరిచి ఉంది కాబట్టి ఎవరైనా వెతకవచ్చు. వెతికి పట్టుకోవడానికి మాత్రం పదిహేనేళ్లకు పైగా పట్టింది. లినక్స్ కెర్నెల్ ఆర్మ్ చిప్‌ల మీదికి చేరిన కథ గత భాగంలో వచ్చింది. కెర్నెల్ నడవడం ఒక ఎత్తు, దాని మీద మామూలు మనిషి వాడుకునే ప్రోగ్రాం నడవడం ఇంకో ఎత్తు.

చిన్న చోటులో సర్దుకోవడం అనే విద్య మొదట ఫ్లాపీ డిస్క్ మీద మొదలైంది. 1995లో బ్రూస్ పెరెన్స్ డెబియన్ లినక్స్ కోసం ఒక పని చేయాల్సి వచ్చింది. కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించడానికీ, చెడిపోతే బాగు చేయడానికీ కావలసిన ఆదేశాలన్నీ ఒకే ఒక్క ఫ్లాపీలో, అంటే 1.44 మెగాబైట్లలో పట్టాలి. యునిక్స్ సంప్రదాయంలో ప్రతి ఆదేశం ఒక విడి ప్రోగ్రాం. ఫైల్ కాపీ చేయడానికి ఒకటి, పేర్లు చూపడానికి ఒకటి, డిస్క్ తగిలించడానికి మరొకటి. ప్రతిదానిలోనూ కొంత కోడ్ మళ్లీ మళ్లీ అదే. పెరెన్స్ వాటన్నిటినీ కలిపి ఒకే ప్రోగ్రాంగా చేసి బిజీబాక్స్ అని పేరు పెట్టాడు. దానికి పదుల కొద్దీ పేర్లు తగిలించి ఉంటాయి. ఏ పేరుతో పిలిస్తే ముందు ఆ పేరు చూసుకుని ఆ పని చేస్తుంది. వీధి నాటకంలో మనుషులు చాలనప్పుడు ఒకే నటుడు పిలిచిన పేరును బట్టి వేషం మార్చుకుని వచ్చినట్టే ఇదీ. ఆ తర్వాత ఎరిక్ ఆండర్సన్ దాన్ని ఎంబెడెడ్ పరికరాల కోసం పెంచి పెద్ద చేశాడు. ఇంట్లో మూలన వెలుగుతూ ఉండే వైఫై రూటర్‌లలో చాలావాటి లోపల ఈరోజుకీ పని చేస్తున్నది అదే.

బిజీబాక్స్‌కు తెర అక్కర్లేదు. తెర ఉన్న పరికరం మీద పని కేంబ్రిడ్జిలో మొదలైంది. ఇది ఇంగ్లండ్‌ది కాదు, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి. 2000లో కాంపాక్ సంస్థ ఐపాక్ అనే చేతి కంప్యూటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దానిలో 206 మెగాహెర్ట్జ్ స్ట్రాంగ్‌ఆర్మ్ చిప్, 32 మెగాబైట్ల ర్యామ్, 16 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీ, 240 అడ్డం 320 నిలువు చుక్కల తెర ఉండేవి. కొన్నవాళ్లకు అది మైక్రోసాఫ్ట్ వ్యవస్థతో వచ్చేది. కాంపాక్ కేంబ్రిడ్జి పరిశోధనశాలలో ఉన్న జిమ్ గెటిస్, మరికొందరు కలిసి దాని మీద లినక్స్ ఎక్కించారు. యునిక్స్ యంత్రాల్లో తెర మీద కిటికీలను గీసే ఎక్స్ విండో సిస్టమ్‌ను 1980లలో పుట్టించినవాళ్లలో గెటిస్ ఒకడు. అందుకే చేతి కంప్యూటర్‌కు కొత్తగా చిన్న తెర వ్యవస్థ రాయకుండా, డెస్క్‌టాప్ ఎక్స్‌నే కుదించి పెట్టాలని ఆ బృందం పట్టుబట్టింది. ఎక్స్ బరువైనదని, పెద్ద వర్క్‌స్టేషన్‌లకే తగినదని అప్పట్లో అందరి నమ్మకం. కీత్ పకార్డ్ రాసిన చిన్న ఎక్స్ సర్వర్ ఆ నమ్మకం తప్పని చూపించింది. పదిహేనేళ్ల వాడుకలో పేరుకుపోయిన పాత గ్రాఫిక్స్ కార్డుల కోడ్, ఎవరూ వాడని వసతులు తీసేస్తే, మిగిలింది ఒక మెగాబైట్ దగ్గరికి దిగింది.

ఐపాక్‌ను నిలువుగా పట్టుకుంటే ఒక ఆకారం, అడ్డంగా తిప్పితే ఇంకో ఆకారం. డెస్క్‌టాప్ ఎక్స్‌లో మాత్రం సర్వర్ మొదలైనప్పుడు తెర కొలత ఎంతో, ఆపేదాకా అంతే. బల్ల మీది మానిటర్‌ను ఎవరు పక్కకు తిప్పుతారు? ఈ ఒక్క అవసరం కోసం 2001లో గెటిస్, పకార్డ్ ఎక్స్‌కు ఒక కొత్త అనుబంధం రాశారు. తెరను తిప్పడం, కొలత మార్చడం దాని పని. దాని పేరు ర్యాండ్‌ఆర్. వాళ్లు దాన్ని ఐపాక్ కోసం విడిగా ఉంచుకోకుండా ఎక్స్ అసలు కోడ్‌లోనే చేర్చారు. తర్వాత అది పెరిగి, 2007 నాటికి ఒకటికి మించిన తెరలను కూడా చూసుకునే స్థితికి వచ్చింది. లినక్స్ ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టర్ తగిలించగానే రెండో తెర వెలగడం వెనక ఉన్నది ఈ అరచేతి పరికరం కోసం చేసిన పనే. చిన్న పరికరం కోసం చేసిన మార్పు అసలు కోడ్‌లోకి వెళ్తే ఏమవుతుందో, వెళ్లకపోతే ఏమవుతుందో అన్నదే ఈ చరిత్ర అంతటికీ కేంద్రం. ఆ మొదటి ఫలితానికి ర్యాండ్‌ఆర్ తొలి ఉదాహరణ.

అదే కాలంలో బెంగళూరులోనూ లినక్స్ అరచేతికి వచ్చింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు, ఎంకోర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కలిసి 2001లో సింప్యూటర్‌ను ప్రపంచానికి చూపించారు. దానిలోనూ స్ట్రాంగ్‌ఆర్మ్ చిప్పే. ఒక ఊళ్లో చాలామంది ఒకే పరికరాన్ని పంచుకునేలా స్మార్ట్ కార్డ్ గాడి పెట్టారు. భారతీయ భాషల్లో రాతను చదివి వినిపించే ఏర్పాటు చేశారు. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీలో అమిడా పేరుతో అమ్మకానికి వచ్చినా, అనుకున్నంత మంది చేతికి అది చేరలేదు. ఆలోచన మాత్రం కాలానికి ముందుది. చదువు రాని రైతు చేతిలో కంప్యూటర్ అన్న మాటను పరికరం రూపంలో నిలబెట్టిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. జపాన్‌కు చెందిన షార్ప్ సంస్థ 2002లో జౌరస్ ఎస్ఎల్-5500ను ఇంకో దారిలో తెచ్చింది. ఎక్స్‌ను పక్కనపెట్టి, నార్వేలోని ట్రోల్‌టెక్ తన క్యూటీ కోడ్‌ను నేరుగా తెర మీదికి గీసేలా మార్చిన రూపాన్ని వాడింది.

ఈ పరికరాలన్నిటికీ హార్డ్ డిస్క్ లేదు, ఫ్లాష్ మెమరీ ఉంది. ఫ్లాష్‌లో ఒక చోట కొత్తగా రాయాలంటే ముందు ఒక పెద్ద గడిని మొత్తం చెరపాలి. ప్రతి గడినీ ఇన్నిసార్లే చెరపగలం, ఆ తర్వాత అది అరిగిపోతుంది. డెస్క్‌టాప్ ఫైల్ వ్యవస్థ ఒకే చోట పదేపదే రాస్తుంది. అలా చేస్తే పరికరం కొన్నాళ్లకే చచ్చిపోతుంది. స్వీడన్‌లోని యాక్సిస్ కమ్యూనికేషన్స్ మొదలుపెట్టిన పనిని 2001లో రెడ్‌హ్యాట్‌లో డేవిడ్ వుడ్‌హౌస్ తిరగరాసి జేఎఫ్ఎఫ్ఎస్2 చేశాడు. అది రాతలన్నిటినీ ఫ్లాష్ అంతటా సమంగా పంచుతుంది, పైగా కుదించి రాస్తుంది.

2005 మేలో నోకియా న్యూయార్క్‌లో 770 అనే పరికరాన్ని ప్రకటించింది. నవంబరులో అమ్మకం మొదలైంది. అప్పట్లో ప్రపంచంలోనే అతిపెద్ద ఫోన్ల కంపెనీ తెచ్చినా అది ఫోన్ కాదు. వైఫై, బ్లూటూత్ ఉన్న ఇంటర్నెట్ పలక. లోపల డెబియన్ పద్ధతిలో కట్టిన లినక్స్, ఎక్స్ సర్వర్, గ్నోమ్ డెస్క్‌టాప్‌లో మీటలు, మెనూలు గీసే జీటీకే, ప్రోగ్రాంల మధ్య సందేశాలు చేరవేసే డీబస్, పాటలు, వీడియోలు ఆడించే జీస్ట్రీమర్. అంటే డెస్క్‌టాప్ లినక్స్ కింది అంతస్తులన్నీ దాదాపు యథాతథంగా ఉన్నాయి. ఈ వేదికకు మేమో అని పేరు. డెస్క్‌టాప్ ఓపెన్ సోర్స్‌ను చేతి పరికరంలో పెట్టడానికి ఒక పెద్ద కంపెనీ ఇంత నిండుగా పూనుకోవడం అదే మొదలు. ఇబ్బందులన్నీ ఒకేసారి బయటపడింది కూడా దాని మీదే.

మొదటి ఇబ్బంది కొలతలది. 770 తెర 4.13 అంగుళాలు, దాని మీద 800 అడ్డం 480 నిలువు చుక్కలు. అంటే అంగుళానికి 225 చుక్కలకు పైమాట. డెస్క్‌టాప్ మానిటర్‌కు అప్పట్లో 96 లెక్క. గ్నోమ్‌లో 24 చుక్కల వెడల్పుతో గీసిన ఒక గుర్తు మానిటర్ మీద 6 మిల్లీమీటర్లు దాటితే, 770 మీద 2.7 మిల్లీమీటర్లు ఉంటుంది. బియ్యపు గింజ పొడవులో సగం కూడా లేని ఆ గుర్తును వేలితో ఎలా తాకాలి? స్టైలస్ పుల్ల ఇచ్చినా కష్టమే. ఎత్తు సంగతి ఇంకా ఘోరం. డెస్క్‌టాప్ ప్రోగ్రాంల సెట్టింగుల పెట్టెలు 600 చుక్కల ఎత్తుకు తగ్గవన్నట్టు గీసి ఉండేవి. 480లో పెట్టేసరికి అడుగున ఉండే ‘సరే’ మీట తెర దాటి కిందికి పోయేది. 2007లో ఏసస్ ఈపీసీ అనే చిన్న ల్యాప్‌టాప్ అదే 800, 480 తెరతో, అదే లినక్స్‌తో వచ్చినప్పుడు మామూలు జనం కూడా ఈ కనపడని మీట బాధ పడ్డారు.

దీనికి జవాబుగా నోకియా జీటీకే మీద హిల్డన్ అనే పొర కట్టింది. లండన్‌లోని ఓపెన్‌డ్‌హ్యాండ్‌లో మాథ్యూ అల్లమ్ రాసిన మ్యాచ్‌బాక్స్ కిటికీలను చూసుకునేది. దానికి ఒకే సూత్రం. ఒకసారి ఒకే ప్రోగ్రాం, అది తెరంతా పరుచుకోవాలి. కిటికీలను లాగడం, అంచులు పట్టుకుని సాగదీయడం ఉండవు. మెనూ వరుసను తీసేసి ప్రోగ్రాం పేరులోనే దాచారు. కుడి మీట లేదు కాబట్టి పుల్లను ఒకేచోట కాసేపు నొక్కి ఉంచితే కుడి క్లిక్ అన్నట్టు జీటీకేలోనే కొత్త ఏర్పాటు చేశారు. ఫోన్ మీద వేలు నొక్కి పట్టగానే మెనూ రావడం ఈరోజు పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. దాన్ని డెస్క్‌టాప్ ప్రోగ్రాంలలోకి ఇలా ఒక్కో ప్రోగ్రాం సోర్స్ తెరిచి, ఒక్కో మెనూ వెతికి చేర్చవలసి వచ్చింది. అలా మార్చడాన్ని మేమో జనం హిల్డనైజ్ చేయడం అనేవాళ్లు.

రెండో ఇబ్బంది కట్టుబడిలో ఉంది. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంను కంపైల్ చేసే ముందు ‘కాన్ఫిగర్’ అనే స్క్రిప్టు నడుస్తుంది. యంత్రం ఎలాంటిదో తెలుసుకోవడానికి అది చిన్న చిన్న పరీక్ష ప్రోగ్రాంలు తయారు చేసి, అక్కడికక్కడే నడిపి చూస్తుంది. కట్టేదీ, నడిచేదీ ఒకే యంత్రమని దాని నమ్మకం. 770 కోసం కట్టడం మాత్రం ఇంటెల్ కంప్యూటర్ మీద, నడవడం ఆర్మ్ మీద. పరీక్ష ప్రోగ్రాం ఇంటెల్ మీద నడవక స్క్రిప్టు తప్పుడు జవాబులు రాసుకునేది. వేల ప్రోగ్రాంల స్క్రిప్టులు దిద్దడం అయ్యే పని కాదు. ఫిన్లండ్‌లోని మోవియల్ చేసిన స్క్రాచ్‌బాక్స్ తెలివైన దారి పట్టింది. స్క్రిప్టును మార్చకుండా దాని చుట్టూ ఒక లోకం కట్టింది. ఆ లోకంలో ఆర్మ్ ప్రోగ్రాం ఎదురైతే, ఫాబ్రీస్ బెలార్డ్ రాసిన క్యూఎము అనే అనుకరణ యంత్రం దాన్ని నడిపి జవాబు తెచ్చి ఇస్తుంది. తాను నిజమైన ఆర్మ్ పరికరంలోనే ఉన్నానని స్క్రిప్టు అనుకుంటుంది. డెబియన్‌లోని వేల ప్రోగ్రాంలు ఈ పలక మీదికి రావడానికి తలుపు తెరిచింది ఇదే.

మూడోది దశాంశ లెక్కలది. 770లో ఉన్న 252 మెగాహెర్ట్జ్ చిప్‌లో దశాంశ సంఖ్యలను లెక్కించే విడి భాగం లేదు. ప్రతి దశాంశ లెక్కనూ మామూలు పూర్ణాంక ఆదేశాల గుంపుతో సాధించాలి. డెస్క్‌టాప్‌లో ఒక్క ఆదేశంతో అయ్యే పనికి ఇక్కడ పదుల కొద్దీ పట్టేవి. ఇంతలో 2005 ఆగస్టులో వచ్చిన జీటీకే 2.8 తెర మీద బొమ్మలు గీయడాన్ని కైరో అనే లైబ్రరీకి అప్పగించింది. కీత్ పకార్డ్, కార్ల్ వర్త్ మొదలుపెట్టిన ఈ కైరో గీతలు అందంగా ఉంటాయి. కానీ తన కొలతలన్నీ దశాంశాల్లో తీసుకుంటుంది. డెస్క్‌టాప్ మీద ఎవరికీ తేడా తెలియలేదు. 770 మీద పరీక్షించి చూస్తే అక్షరాల వరుస కళ్లముందే నత్తనడకన గీసుకుంటూ వచ్చింది. కాలం ఎక్కడ పోతోందో కొలిచి చూస్తే, దశాంశాన్ని పూర్ణాంకంగా మార్చే అతి చిన్న పనే పెద్ద దొంగ అని తేలింది. దాన్ని సరిచేసిన ఉపాయం చక్కనిది. మార్చవలసిన సంఖ్యకు ఒక పెద్ద సంఖ్యను కలిపితే, కావలసిన పూర్ణాంకం దశాంశ సంఖ్య రూపంలోని కింది బిట్‌లలోకి తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. దాన్ని తీసుకుంటే చాలు. ఈ మార్పు 2007లో వచ్చిన కైరో 1.4లో చేరింది. చేరింది అసలు కోడ్‌లోనే కాబట్టి డెస్క్‌టాప్‌లకూ ఆ లాభం దక్కింది.

బ్యాటరీ సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. అప్పటి కెర్నెల్ చేతిలో పని లేకపోయినా ప్రాసెసర్‌ను సెకనుకు వందలసార్లు నిద్ర లేపేది. పైన ఉన్న ప్రోగ్రాంలు కూడా అంతే. గడియారం బొమ్మ సెకనుకోసారి లేచి నిమిషం మారిందా అని చూసుకునేది. రాత పెట్టెలో మిణుకుమనే చిన్న గీత మిణుకుమన్న ప్రతిసారీ ప్రాసెసర్ లేవాల్సిందే. ఎదురుగా మనిషి లేకపోయినా అది రాత్రంతా మిణుకుతూ ఉండేది. 2007 ఏప్రిల్‌లో వచ్చిన 2.6.21 కెర్నెల్ పని లేనప్పుడు ఆ వృథా లేపుళ్లను ఆపింది. మే నెలలో ఇంటెల్ నుంచి పవర్‌టాప్ వచ్చి, ఏ ప్రోగ్రాం సెకనుకు ఎన్నిసార్లు లేపుతోందో పేరుతో సహా చూపించింది. పేరు బయటపడ్డాక పని త్వరగా జరిగింది. ఆ ఏడాదే సెకన్ల లెక్క మేలుకొలుపులన్నిటినీ ఒకే క్షణానికి సర్దే ఏర్పాటు జీటీకే కింద ఉండే జీలిబ్‌లోకి వచ్చింది. కాసేపు ఎవరూ ఏమీ టైపు చేయకపోతే మిణుకు ఆగిపోయే ఏర్పాటు జీటీకే 2.12లో చేరింది.

ఇన్ని చేసినా నోకియా దారి సాఫీగా సాగలేదు. హిల్డన్ కోసం జీటీకేకు వేసిన ప్యాచ్‌లు గుట్టగా పెరిగాయి. వాటిలో చాలా భాగం అసలు జీటీకేలోకి వెళ్లకుండా నోకియా దగ్గరే ఉండిపోయాయి. జీటీకే కొత్త రూపం వచ్చిన ప్రతిసారీ ఆ గుట్టను మోసుకెళ్లి మళ్లీ అతికించాలి. 2007లో ఎన్800, ఎన్810 వచ్చాయి. 2009 నవంబరులో వచ్చిన ఎన్900 చివరికి ఫోన్ కూడా అయింది. కానీ నోకియా 2008లోనే ట్రోల్‌టెక్‌ను కొని క్యూటీ వైపు తిరిగింది. 2010 ఫిబ్రవరిలో ఇంటెల్‌తో కలిసి మేమోను మీగోగా మార్చింది. ఏడాది తిరిగేసరికి, 2011 ఫిబ్రవరిలో, మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ వైపు వెళ్లిపోయింది. ఎంతోమంది ఇంజినీర్ల శ్రమతో తయారైన ఎన్9 అదే ఏడాది వచ్చి, దారి మూసేశాక బయటికొచ్చిన ఆఖరి బండిలా మిగిలింది. ఆ ఫోన్‌ను చేత్తో పట్టుకున్నవాళ్లకు ఆ నిర్ణయం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అక్కడి నుంచి బయటికొచ్చిన ఇంజినీర్లు ఫిన్లండ్‌లో యోల్లా స్థాపించి సెయిల్‌ఫిష్‌తో ఆ పనిని కొనసాగించారు.

ఆండ్రాయిడ్ ఈ చిక్కుల్లో చాలావాటిని తప్పించుకుంది. లినక్స్ కెర్నెల్‌ను తీసుకుని, దాని పైన ఉన్న డెస్క్‌టాప్ అంతస్తులను వదిలేసింది. ఎక్స్ లేదు, జీటీకే లేదు, సీ లైబ్రరీ కూడా సొంతంగా కూర్చుకున్న బయానిక్. అయితే కెర్నెల్‌లో అదీ అదే గోడకు తగిలింది. ఫోన్ వీలైనప్పుడల్లా నిద్రపోవాలి, ఫలానా పని అయ్యేదాకా మాత్రం నిద్రపోకూడదు అని చెప్పడానికి గూగుల్ వేక్‌లాక్ అనే పద్ధతి పెట్టింది. 2009లో ఆండ్రాయిడ్ డ్రైవర్లు కెర్నెల్ పరీక్ష విభాగంలో చేరినా, పట్టించుకునేవాళ్లు లేక 2010 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.33లో వాటిని తీసేశారు. చాలా వాదనల తర్వాత 2012లో వచ్చిన 3.5 కెర్నెల్‌లో అదే పని చేసే ఏర్పాటు వేరే రూపంలో స్థిరపడింది.

డెస్క్‌టాప్ నుంచి వచ్చి ఫోన్‌ను నిజంగా గెలిచినది ఒక బ్రౌజర్ ఇంజిన్. కేడీఈ డెస్క్‌టాప్ కోసం రాసిన కేహెచ్‌టీఎంఎల్‌ను ఆపిల్ 2003లో బయటపెట్టిన సఫారీకి ఎంచుకుంది. దాని నుంచి వెబ్‌కిట్ పుట్టింది. నోకియా తన ఎస్60 ఫోన్లలో, ఆపిల్ 2007 ఐఫోన్‌లో, గూగుల్ ఆండ్రాయిడ్‌లో దాన్నే వాడుకున్నాయి. ఐఫోన్ పేజీని 980 చుక్కల వెడల్పు డెస్క్‌టాప్ తెర మీద ఉన్నట్టుగానే ముందు అమర్చి, తర్వాత కుదించి చూపేది. పాత పేజీలు పగిలిపోకుండా నిలిచింది ఆ ఏర్పాటు వల్లే.

కేహెచ్‌టీఎంఎల్ రాసినవాళ్లలో ముఖ్యుడైన లార్స్ క్నోల్ క్యూటీలో భారతీయ లిపులను తీర్చే కోడ్ కూడా రాశాడు. తెలుగు పాఠకులకు ఈ కథ దగ్గరయ్యేది ఇక్కడే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని కంప్యూటర్ ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వీటిని చూసి సకారం కింద తావత్తు, రావత్తు వేసి, గుడి దీర్ఘాన్ని తలకట్టు చోట పెట్టి ఒక్క రూపంగా తీర్చడం ఫాంట్ ఒక్కదాని వల్ల కాదు, దానికి వేరే కోడ్ కావాలి. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఆ కోడ్ ఉంది. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ కోడ్ గానీ, తెలుగు ఫాంట్ గానీ లేవు. తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలే డబ్బాలు. ఆ రోజుల్లో తెలుగువాళ్లు ఒపెరా మినీలో ఒక రహస్య పేజీ తెరిచి, క్లిష్టమైన లిపులకు బొమ్మ అక్షరాలు వాడమని మీట నొక్కేవాళ్లు. అప్పుడు దూరాన ఉన్న సర్వర్ అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. చదవడం కుదిరేది, అక్షరాన్ని కాపీ చేసుకోవడం కుదిరేది కాదు. క్యూటీ, గ్నోమ్‌ల అక్షర కోడ్ కలిసి హార్ఫ్‌బజ్ అయింది. ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫాబోద్ దాన్ని తిరగరాశాడు. ఫైర్‌ఫాక్స్, గ్నోమ్, లిబ్రేఆఫీస్ వాడేది దాన్నే, ఆండ్రాయిడ్ తీసుకున్నదీ దాన్నే. 2012లో ఆండ్రాయిడ్ 4.1 తెలుగు, కన్నడ, మలయాళాలను వేదికలో చేర్చింది. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి.

డెస్క్‌టాప్ ప్రోగ్రాం వేరు, ఫోన్ ప్రోగ్రాం వేరు అన్న గీతను చెరిపే ప్రయత్నం 2018లో మళ్లీ మొదలైంది. లిబ్రెమ్ 5 అనే లినక్స్ ఫోన్ కోసం ప్యూరిజం సంస్థ లిబ్‌హ్యాండీ రాసింది. కిటికీ వెడల్పు తగ్గితే పక్కపక్కన ఉన్న రెండు వరుసలు ఒకదాని వెనక ఒకటిగా మడుచుకుంటాయి, వెడల్పు పెరిగితే విచ్చుకుంటాయి. హిల్డన్‌లా ఇది ఒక పక్క పొరగా ఉండిపోలేదు. 2021 చివర్లో లిబ్‌అద్వైతగా మారి, గ్నోమ్ డెస్క్‌టాప్‌కే పునాదుల్లో ఒకటైంది. ఈరోజు గ్నోమ్ కోసం కొత్తగా రాసే ప్రోగ్రాం చాలాసార్లు విడి ఫోన్ రూపం అక్కర్లేకుండానే చిన్న తెరలోనూ సర్దుకుంటుంది. 2009 నాటి ఎన్900 కూడా ఇంకా బతికే ఉంది. దాని డ్రైవర్లలో చాలావాటిని అప్పట్లోనే అసలు కెర్నెల్‌లోకి పంపారు. అందువల్ల నోకియా వదిలేసిన చాలా ఏళ్లకు, 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్ఓఎస్ దాని మీద మామూలు లినక్స్ కెర్నెల్‌నే ఎక్కించగలిగింది.